చొక్కా జేబు, గోడమీది పనులు, మరికొన్ని సంగతులు

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల వార్తాలేఖ మామూలుగా అర్ధ సంవత్సర పరీక్షలతో మొదలుకావాలి. కానీ మీరంతా మాట్లాడుకుంటున్నది పరీక్షల గురించి కాదు. ఆరో తరగతి విద్యార్థి ఒకడు వాళ్ళ నాన్నగారి చొక్కా జేబు కత్తిరించి తెచ్చి అట్టకు కుట్టాడు. ఆ చొక్కా పాతది కాదు. ఈ కబురు వాట్సాప్ గుంపుల్లో ఎంతగా పెరిగిందంటే, పిల్లలకు కత్తెరలు పంచి ఇళ్ళమీదికి పంపారట, నిజమేనా అని ఒక తల్లి నాకు ఫోను చేశారు. నిజం కాదు. బడి కత్తెరలు బడిలోనే ఉన్నాయి.

జరిగింది ఇది. మిశ్రమ మాధ్యమంలో పనిచేసే కళాకారిణి ఒకరు మేము పిలిస్తే వచ్చి, ఆరు నుంచి తొమ్మిది దాకా తరగతుల పిల్లలతో కలిసి పనిచేశారు. రంగులు, కాగితం, గుడ్డ, దారం, తీగ, ఫోటోలు, వాడి పారేసిన వస్తువులు, వీటిలో కొన్నిటిని ఒకే పనిలో కలపడం ఆవిడ పద్ధతి. ఇంట్లో ఎవరికీ అక్కర్లేనిదీ, తమకు మాత్రం ఏదో గుర్తుచేసేదీ ఒక వస్తువు తెమ్మని పిల్లలకు చెప్పారు. పెద్దవాళ్ళను అడిగి తీసుకోవాలని డైరీల్లో రాయించాం, కింద మీ సంతకానికి చోటు కూడా వదిలాం. దాదాపు అన్ని డైరీల్లోనూ సంతకాలు ఉన్నాయి. చదివి పెట్టినవి ఎన్నో నేను అడగను. చొక్కా యజమానితో నేనే మాట్లాడాను, ఆయన నవ్వేశారు. ఆయన తరఫున మిగతావారు కోపం తెచ్చుకోవడం ఇక ఆపవచ్చు.

రెండో ఫిర్యాదు, పిల్లల పనులను ప్రదర్శనకు పెట్టిన ప్రవేశద్వారం పక్క గోడ గురించి. గోడనిండా చెత్త అతికించారని ఒకరు అన్నారట. ఈ మాటకు వందేళ్ళు దాటిన చరిత్ర ఉంది. 1912లో పికాసో ఒక చిత్రంలో, కుర్చీ అల్లిక బొమ్మ అచ్చువేసిన నూనెగుడ్డ ముక్కను అతికించి, చట్రానికి బదులు చుట్టూ నిజమైన తాడు బిగించాడు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక జర్మనీలో కుర్ట్ ష్విట్టర్స్ వాడేసిన ట్రాము టికెట్లు, పొట్లాల కాగితాలు, చెక్క ముక్కలు ఏరుకొచ్చి చిత్రాలు కట్టాడు. అంతకు చాలా ముందే, 1770లలో, ఇంగ్లండులో మేరీ డెలానీ అనే ఆవిడ రంగు కాగితాలను సన్నగా కత్తిరించి నల్లటి కాగితంమీద పూలమొక్కలు అతికించడం మొదలుపెట్టింది. అప్పటికి ఆవిడ వయసు డెబ్బై దాటింది. అక్కడక్కడ నిజమైన ఆకునే అతికించేసింది. చూపు మందగించి ఆపేసేలోగా తొమ్మిది వందలకు పైగా మొక్కలు చేసింది, అవి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. 1955లో రాబర్ట్ రౌషెన్‌బర్గ్ అనే అమెరికా కళాకారుడు ఏకంగా దిండునూ బొంతనూ చట్రానికి బిగించి, రంగులు ఒలకబోసి, పడకను గోడకు నిలబెట్టాడు. మీ ఇంట్లో పోయింది జేబు ఒక్కటే.

వచ్చిన కళాకారిణి మొదటిరోజు పాఠం చెప్పలేదు. సగంలో ఉన్న తన సొంత పనిని బల్లమీద పెట్టి, పిల్లల ముందే కొనసాగించారు. ఒక చెక్క పలక, దానిమీద తెల్లటి పూత, పూతమీద పలచటి గోధుమరంగు కాగితాలు. అవి ఆవిడ తల్లి బట్టలు కుట్టేటప్పుడు కొలతలకు కత్తిరించుకున్న కాగితాలు. అంచుల వెంబడి గుండుసూదుల చిల్లులు ఇంకా ఉన్నాయి. తల్లి పోయాక వాటిని పారేయనూలేక, మడిచి పెట్టెలో దాచనూలేక ఉండిపోయారట. ఆ కాగితాన్ని రంగులతో అచ్చంగా వేయగలరు కదా, వేసి ఊరుకోవచ్చు కదా అని తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది. వేసి చూశానని, బొమ్మలో చిల్లు కూడా బొమ్మే అయిపోయిందని ఆవిడ చెప్పారు. తల్లి చెయ్యి తగిలిన కాగితం వేరు. ఎందుకు చేస్తారన్న ప్రశ్నకు ఆవిడ దగ్గర ఇంతకన్నా పెద్ద జవాబు లేదు, నాకు అదే నచ్చింది.

పనిచేసే తీరు మాత్రం నేను అనుకున్నట్టు లేదు. ముందుగా బొమ్మ ఊహించుకుని దానికి సరిపడే ముక్కలు వెతకరు. ముక్కలను జిగురు లేకుండా పరిచి, జరిపి, తలకిందులు చేసి, దూరంగా నిలబడి చూసి, మళ్ళీ జరుపుతారు. ఇలా కొన్ని పనులు నెలల తరబడి బల్లమీదే ఉండిపోతాయట. కాగితాన్ని కత్తిరిస్తే అంచు గీత గీసినట్టు వస్తుంది, చింపితే తెల్లటి పీచు బయటపడి పొగమంచులా కనిపిస్తుంది. ఏది ఎక్కడ కావాలో చేతికి తెలియాలి. పలచటి కాగితానికి నీళ్ళు కలిపిన జిగురు పూసి, మధ్యలోంచి అంచులవైపు కుంచెతో ఒత్తాలి, లేకపోతే బుడగలు లేస్తాయి. అట్టకు ఒకవైపే అతికిస్తే ఆరేటప్పుడు వంకరపోతుంది, అందుకని వెనకా ఒక కాగితం అతికించాలి.

తర్వాత ఆవిడ చేసిన పనికి తరగతి మొత్తం కేక వేసింది. పలకమీద అందరికీ నచ్చిన నీలం మూల ఒకటి ఉంది. దానిమీద తెల్లరంగు నిండుగా పూసేశారు. బాగున్న చోటే మిగతా పనిని తనవైపు లాక్కుంటోందని, అందుకే అది పోవాలని చెప్పారు. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తుండగా, సగం ఆరిన ఆ తెలుపును రేకు ముక్కతో గీరారు. కింది నీలం సన్నటి చారలుగా బయటికి వచ్చింది. ఆ సాయంత్రం ఏడో తరగతిలో ప్రతి ఒక్కరూ తమ పనిలో తమకు బాగా నచ్చిన భాగాన్ని కప్పేశారు. కొందరివి నిజంగానే పాడయ్యాయి. పర్వాలేదు.

ఇక మన పిల్లల గురించి చెప్పకుండా ఉండలేను. తొమ్మిదో తరగతి అమ్మాయి నాయనమ్మ మణికట్టు ఎక్స్‌రే తెచ్చింది. దాన్ని కిటికీకి తగిలించి, ఎముక విరిగిన గీత వెంబడి సూదితో చిల్లులు పొడిచి, వెనక పలచటి ఎర్ర కాగితం పెట్టింది. పొద్దున్న ఎండ పడితే విరిగిన చోటే వెలుగుతుంది, మిగతాదంతా బూడిదరంగు. దీన్ని చూసి నాకు కాసేపు మాట రాలేదు. ఎనిమిదో తరగతిలో ఇద్దరు అబ్బాయిలు తరగతి మొత్తం పెన్సిళ్ళు చెక్కిన పొట్టును పోగుచేసి ఎండిపోయిన నది కట్టారు. వాళ్ళను అడగకుండా ఇప్పుడు ఎవరూ పొట్టును చెత్తబుట్టలో వేయడం లేదు. ఇంకొక అమ్మాయి పాత వార్తాపత్రికలనే వాడింది. వార్తాపత్రిక కాగితంలో లిగ్నిన్ అనే, చెక్కలో ఉండే పదార్థం ఉంటుంది, వెలుతురూ గాలీ తగిలితే పసుపుపచ్చగా మారిపోతుందని హెచ్చరించినా మార్చలేదు. మారడమే తనకు కావాలట. జేబు అబ్బాయి ఆ జేబులో ఒక చీటీ మడిచి పెట్టి, పైన ఎర్రదారంతో కుట్టేశాడు. చీటీలో ఏముందో కళాకారిణికీ చెప్పలేదు, నాకూ చెప్పలేదు. దయచేసి ఆ కుట్టు విప్పి చూడకండి. మొన్న ఎవరో ప్రయత్నించారు, దారం వదులైంది.

పరీక్షలు దగ్గరపడ్డాయి కాబట్టి చిత్రలేఖనం పీరియడును లెక్కలకు ఇచ్చేయమని కొందరు లేఖలు రాశారు. ఇవ్వను. ఈ మాట ప్రతి సంవత్సరం అడుగుతారు, ప్రతి సంవత్సరం ఇదే చెబుతాను. వారం మొత్తంలో మన పిల్లలు జవాబు వెనక పేజీలో లేని పని చేసేది ఆ పీరియడులోనే. అక్కడ తప్పొప్పులు ఎవరూ దిద్దరు, ఎక్కడ ఆపాలో ఎవరూ గంట కొట్టి చెప్పరు. తాను చేసినదాన్ని తానే దూరంగా నిలబడి చూసి, చాలదనుకుంటే మళ్ళీ చింపే ధైర్యం ఏ గైడులో దొరుకుతుంది? ఎల్ అనాట్సుయి అనే ఘానా శిల్పి, పారేసిన సీసామూతలను నలగ్గొట్టి, రాగితీగతో కలిపి, గోడలంత తెరలు తయారుచేస్తాడు. వాటికి ఒకే ఆకారం ఉండదు. ఏ గోడకు వేలాడదీస్తే ఆ గోడకు తగ్గట్టు మడతలు మార్చుకోమని తగిలించేవాళ్ళకే వదిలేస్తాడు. అలాంటి స్వేచ్ఛ ఎదురైతే మన పిల్లలు ఎంత మార్కులకు, ఏ నమూనాలో చేయాలి అని అడగకూడదని నా కోరిక. ఈసారి మొదటిరోజే ముగ్గురు అడిగారు.

ఈ సందర్భంలో ఇళ్ళ గురించి ఒకటి రెండు మాటలు, ఎంతో గౌరవంతో. కొన్ని పనులు మెరుపు కాగితాలతో, కొలబద్ద పెట్టి గీసినట్టున్న అంచులతో, అందమైన అచ్చు అక్షరాలతో వచ్చాయి. ఆరో తరగతి చేతులకు ఇంత నిలకడ ఉంటే మాకు గర్వకారణమే, కాని అవే చేతులు మరునాడు తరగతిలో కత్తెర సరిగా పట్టలేకపోయాయి. మీకు కొలాజ్, అంటే ఇలా ముక్కలు అతికించే బొమ్మ, చేయాలని సరదాగా ఉంటే మీ కోసం మరొకటి చేసుకోండి, ఆనందంగా గోడకు పెడతాం. మరికొన్ని ఇళ్ళలో పిల్లలు వారమంతా ఏరి దాచుకున్న పెట్టెలను, ఇల్లు సర్దుతూ, పెద్దవాళ్ళు మాటమాత్రం చెప్పకుండా ఖాళీ చేశారు. దుకాణంలో కొన్న తయారీ పెట్టెతో ఆ లోటు తీరదు. చెడిపోయిన గడియారం పట్టీ మీకు చెత్తే కావచ్చు, అడిగి పారేయడానికి ఒక్క నిమిషం చాలు. పిల్లల చేతులకు జిగురు అంటిందని ఆదుర్దా పడకండి, గోరువెచ్చని నీళ్ళకు పోతుంది.

మిగతావి క్లుప్తంగా: పరీక్షల పట్టిక డైరీల్లో అతికించాం, రెండో వాయిదా ఫీజు గడువు పట్టిక కిందే ఉంది, గుర్తింపు కార్డు లేనివారిని సోమవారం నుంచి బస్సు ఎక్కించుకోరు. ఆటల దినోత్సవం వాయిదా పడింది, కొత్త తేదీ తర్వాత చెబుతాం.

ప్రదర్శన నెలాఖరు దాకా ఉంటుంది. పనులను తీసుకెళ్ళేటప్పుడు చుట్టవద్దు, మడవవద్దు, ఒక గట్టి అట్ట వెంట తెచ్చుకోండి. ఇంట్లో నేరుగా ఎండ పడే గోడకు పెట్టకండి, పైన పారదర్శక టేపు అతికించకండి, కొన్నాళ్ళకు అది పసుపెక్కి ఊడేటప్పుడు కాగితాన్ని కూడా లాక్కుపోతుంది. ఎక్స్‌రే పని మాత్రం ఇంకొక వారం మా దగ్గరే ఉంటుంది. పదో తరగతికి ఎముకల పాఠం చెప్పేటప్పుడు చూపించుకుంటానని సైన్సు ఉపాధ్యాయురాలు అడిగారు, ఆ అమ్మాయి సరేనంది.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు