కొండ మీద వెదురు గేటు ఎందుకు పెట్టామంటే

సంపాదకుడు గారికి,

నమస్కారం. మేఘాలు చూడడానికి పాడేరు వైపు వచ్చిన విశాఖ పాఠకుడు ఒకరు మొన్న మీ పత్రికకు లేఖ రాశారు. ఊరివాళ్ళు వెదురు గేటు కట్టి డబ్బులు గుంజుతున్నారని, రాత్రి కొండ మీద టెంటు వేసుకోనివ్వలేదని, అడిగే నాథుడే లేడని ఆయన బాధ. ఆ గేటు మా ఊరిదో, అవతలి ఊరిదో నాకు తెలియదు. మా ఊళ్ళోనూ అలాంటిదే ఉంది, దాని లెక్కల పుస్తకం రాసేదాన్ని నేనే. అందుకే ఈ జవాబు. ఊరి పేరు మాత్రం రాయను. రాస్తే వచ్చే శనివారం రాత్రి ఇంకో యాభై కార్లు ఎక్కువొస్తాయి.

మైదానం వాళ్ళకి నవంబరు నుంచి జనవరి దాకా మంచు చూసే కాలం. మాకది కాఫీ పండు కోసే కాలం. సిల్వర్ ఓక్ నీడన పండు ఒక్కసారే ఎర్రబడదు. ఒకే మొక్క దగ్గరికి మళ్ళీ మళ్ళీ వెళ్ళి, పండింది కోసి పచ్చిది వదిలి రావాలి. కోసిన రోజే పల్పర్‌లో వేసి తొక్క తీయాలి. రాత్రి నానబెట్టి, పొద్దున కడిగి, ఎండలో ఆరబోసి, గంటగంటకీ తిరగేయాలి. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు ఇచ్చారు, సంతోషం. ఆ పేరు నిలబడేది ఈ ఆరబోత దగ్గరే. గేటు లేని రోజుల్లో తెల్లవారుజామున మూడింటికి ఒక బండి వచ్చి నేరుగా మా టార్పాలిన్ మీద, గింజల మీదే ఆగింది. అందులోంచి దిగినాయన "పల్లీలా?" అని అడిగాడు. చీకట్లో ఆయనకేం కనిపిస్తుంది పాపం. కానీ డీజిల్ వాసన పట్టిన కాఫీని ఎవరు కొంటారు?

ఇక టెంట్ల సంగతి. మాకు తాగునీరు కొండ మీది ఊట నుంచి వస్తుంది. అక్కడ చిన్న తొట్టి కట్టి, పైపు వేసి, కింద ట్యాంకులోకి దించుకున్నాం. మోటారు లేదు, కరెంటు బిల్లు లేదు, వాలులో నీళ్ళు వాటంతటవే దిగుతాయి. జనం మేఘాలు చూసే చదును సరిగ్గా ఆ ఊటకి పైన ఉంది. రాత్రంతా అక్కడ పడుకున్నవాళ్ళకి పొద్దున్నే ఏం అవసరం పడుతుందో నేను చెప్పక్కర్లేదు. వందమందికి పడితే, వాన దాన్నంతా కడిగి ఎక్కడికి తెస్తుందో కూడా చెప్పక్కర్లేదు. అందుకే పైన టెంట్లు వద్దన్నాం. కింద రోడ్డు పక్క రాజ్మా కోసేసిన మడులున్నాయి, మరుగుదొడ్లు కట్టించాం, అక్కడ వేసుకోమన్నాం. తెల్లారే ముందు టార్చి పట్టుకుని మా పిల్లలే పైకి తీసుకెళ్తారు. అయినా "అంత దూరం వచ్చింది కింద పడుకోడానికా" అంటారు.

డబ్బు ఎటు పోతోందని అడిగారు కదా. నా పుస్తకంలో అన్నిటికంటే ఎక్కువసార్లు కనిపించే పద్దు గోనె సంచులు. సోమవారం పొద్దున ఊరి ఆడవాళ్ళు కొండెక్కి సీసాలు, బిర్యానీ డబ్బాలు, కేకు అట్టలు ఏరి సంచుల్లో దించుతారు. వాళ్ళకి కూలి ఇస్తాం. బీరు సీసా పగిలితే ముక్కలు ఆకుల కిందికి పోతాయి, కాఫీ కోసేవాళ్ళ పాదాలకి దొరుకుతాయి. మా వదిన మడమలో దిగిన ముక్కని పిన్నీసుతో తీశాం, మిగిలింది పాడేరు ఆసుపత్రిలో తీశారు. ఇక కొట్లలో ప్లాస్టిక్ ప్లేటు మానేసి అడ్డాకు విస్తరి పెట్టించాం. విస్తళ్ళు కుట్టే ముసలమ్మలకి నాలుగు రూపాయలు వస్తున్నాయి. ఇది మాత్రం చాలామంది సందర్శకులు మెచ్చుకున్నారు.

గేటు వసూళ్ళు చూసే మా ఊరి కమిటీ వాళ్ళంతా దేవుళ్ళని నేను చెప్పడం లేదు. మొదటి ఏడాది కుర్రాళ్ళు వసూలైన దాంట్లోంచి పెద్ద సౌండ్ బాక్సులు కొన్నారు. కమిటీలో ఒక్క ఆడమనిషి లేదు. కంచే చేను మేస్తోందని గ్రామసభలో ఆడవాళ్ళం లేచి అడిగితే పెద్ద గొడవైంది. ఆ గొడవలోంచే లెక్కల పుస్తకం నా చేతికొచ్చింది. ఇప్పుడు నెలకోసారి సభలో పద్దులు పైకి చదువుతాం, రేట్లు గేటు దగ్గర బోర్డు మీద రాశాం. రసీదు కావాలన్న పాఠకుడి మాట న్యాయమే. పంచాయతీ ముద్రతో రసీదు పుస్తకం ఇప్పించమని మేమూ అడుగుతున్నాం, ఇవ్వడం లేదు. ఇవ్వకుండానే "అనుమతి లేని వసూలు" అంటున్నారు.

అసలు భయం గేటు గురించి కాదు. మాది షెడ్యూల్డ్ ప్రాంతం, అంటే గిరిజనుల రక్షణ కోసం రాజ్యాంగం కింద ప్రకటించిన ప్రాంతం. 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులకి ఇక్కడ భూమి అమ్మకూడదు, వాళ్ళు కొనకూడదు. అయినా రిసార్టులు లేస్తున్నాయి. ఎలాగంటే పట్టా గిరిజనుడిది, పెట్టుబడి బయటివాడిది. కాగితం మీద ఓనరు రాత్రి ఆ రిసార్టు గేటు దగ్గర దుప్పటి కప్పుకుని వాచ్‌మన్ పని చేస్తుంటాడు. అలాంటి ఒకతన్ని నాకు బాగా తెలుసు, బంధువే. తన భూమిలో ఎన్ని గదులున్నాయో తనకే సరిగ్గా తెలియదు.

ఊట కింద, గెడ్డ (కొండవాగు) వెంట పక్కా కట్టడాలు వద్దు, ఊట పైన అసలే వద్దు, బోరు వేయాలంటే ముందు సభకి చెప్పాలి, గదులు అద్దెకివ్వాలంటే ఊళ్ళో కాపురమున్నవాళ్ళే తమ ఇంట్లో ఇవ్వాలి అని మా గ్రామసభ తీర్మానం చేసింది. సంతకాలు, వేలిముద్రలు పెట్టి ఒక కార్యాలయంలో ఇచ్చాం. జవాబు రాలేదు, జేసీబీ వచ్చింది. ఎవరు అనుమతి ఇచ్చారని అడిగితే "పై నుంచి" అన్నారు. మాకంటే పైన మాకు తెలిసింది కొండ ఒక్కటే.

షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం చేసిన 1996 పెసా చట్టం సారా అమ్మకం, సంతలు, వడ్డీ వ్యాపారం, భూమి చేతులు మారడం, వీటన్నిటి మీదా గ్రామసభకో పంచాయతీకో అధికారం ఉండాలంది. పర్యాటకం మాట అందులో లేదు. మంచు చూడడానికి జనం ఎగబడతారని అప్పుడు రాసినవాళ్ళకి తోచి ఉండదు. 2006 అటవీ హక్కుల చట్టం మాత్రం నీటి వనరులు, వాటి పరివాహక ప్రాంతం కాపాడే అధికారం గ్రామసభకి సూటిగా ఇచ్చింది. మా పక్క అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో 1997లో తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకి లీజుకివ్వకూడదని సుప్రీంకోర్టు అందులో చెప్పింది. గనులకి పనికొచ్చిన న్యాయం రిసార్టులకి ఎందుకు పనికిరాదు?

సైన్యంలో చేసి వచ్చిన మా తమ్ముడు ఉత్తర సిక్కింలోని లాచెన్ గురించి చెబుతుంటాడు. అక్కడ జుమ్సా అని ఊరి సభ ఉంది, తరతరాలది. ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు ఊళ్ళోకి రాకూడదని 2012లో కట్టుబాటు చేసింది. అక్కడి రాష్ట్ర ప్రభుత్వం ఆ సభనే పంచాయతీగా గుర్తించింది. సీసా వదిలి రమ్మంటే వదిలి వెళ్ళారే తప్ప జనం దాన్ని దోపిడీ అనలేదు.

మేం పర్యాటకులు వద్దనడం లేదు. మిరియాలు, పసుపు, కాఫీ పొడి ఇంటి దగ్గరే అమ్ముడైతే సంతకి మోసే బరువు తగ్గుతుంది. అధికారులను కోరేది ఇంతే. కొండ మీద ఏ గదికైనా, ఏ బోరుకైనా అనుమతి ఇచ్చే ముందు గ్రామసభ తీర్మానం కాగితం అడగండి. అది లేని దరఖాస్తు వెనక్కి పంపండి. మాకు రసీదు పుస్తకం ఇవ్వండి, ఏడాదికోసారి ఆడిట్ చేయండి, తప్పుంటే కేసు పెట్టండి. ఆ విశాఖ పాఠకుడు వస్తే పుస్తకం చూపిస్తాను. కార్తీక మాసం ఆదివారాలు మాత్రం వద్దు, ఆ రోజుల్లో కూర్చుని మాట్లాడే తీరిక ఉండదు.

ఇట్లు,
ఒక కాఫీ రైతు,
పాడేరు మండలం, అల్లూరి సీతారామరాజు జిల్లా