చేతికి పాదం డాక్టరెందుకు తాతయ్యా?

ఎడిటర్ గారికి నమస్కారం.

గవర్నర్‌పేటలో ఒక ప్రెస్సులో ముప్ఫై రెండేళ్ళు ప్రూఫులు దిద్ది రిటైరైనవాణ్ణి. నేను చేరింది 1978లో. అప్పట్లో సీసం అక్షరాలు. కంపోజిటర్ ఒక్కో అక్షరాన్నీ గడిలోంచి తీసి పేర్చేవాడు. ఈ అక్షరం పక్కకి ఆ అక్షరం ఎందుకొచ్చిందా అని చూసే జబ్బు నాకప్పుడు పట్టుకుంది. ఇంకా వదల్లేదు.

ఈ ఉత్తరానికి కారణం మా మనవరాలు. ఆరో తరగతి. వాళ్ళ స్కూల్లో వారానికో కాగితం ఇస్తారు. ఒకే అక్షరాలు కలిసే ఇంగ్లీషు మాటలు, పక్కన తెలుగు అర్థాలు. శనివారం టెస్టు. మొన్న వచ్చిన కాగితంలో పైన 'పి, ఈ, డి: పెడ్ అంటే పాదం' అని ఉంది. కింద పెడల్, పెడెస్ట్రియన్, సెంటిపీడ్. ఇంతవరకూ బాగానే ఉంది. వాటి వెనకాలే పీడియాట్రీషియన్, ఆర్థోపెడిక్, స్టాంపీడ్ కూడా చేరాయి.

పోయినేడాది నేను బాత్రూంలో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంటే సూర్యారావుపేటలో ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గర కట్టు కట్టించుకున్నాను. పిల్ల కూడా వచ్చింది. అది గుర్తుపెట్టుకుని, "చేతికి పాదం డాక్టరెందుకు తాతయ్యా?" అని అడిగింది. వాళ్ళ నానమ్మ పకపకా నవ్వింది. నేను మాత్రం లెనిన్ సెంటర్లో ఎప్పుడో కొన్న, మొదటి పదహారు పేజీలు లేని డిక్షనరీ దించాను. మాట పక్కన చదరపు బ్రాకెట్లలో దాని పుట్టుక రాసి ఉంటుంది. ఆ బ్రాకెట్లు చదివేవాళ్ళు తక్కువ. అసలు కథంతా అక్కడే ఉంటుంది.

పెడల్‌లో ఉన్నది లాటిన్ పాదం. మన పాదానికి దూరపు చుట్టం. అందుకే పెడెస్ట్రియన్‌కి పాదచారి అని అంత చక్కగా కుదిరింది. పీడియాట్రీషియన్‌లో ఉన్నది పాదం కాదు, గ్రీకులో పిల్లవాడు. ఆర్థోపెడిక్‌లోనూ ఆ పిల్లవాడే. ఆర్థో అంటే తిన్నగా ఉండటం. 1741లో నికొలా ఆంద్రీ అనే ఫ్రెంచి వైద్యుడు పిల్లల ఒంట్లోని వంకరలు సరిచేసే విద్యకి ఆ పేరు పెట్టాడు. అంటే ఆ బోర్డుమీద ఉన్నది పాదమూ కాదు, ఎముకా కాదు. డెబ్బై ఏళ్ళ నేను నా చెయ్యి చూపించుకున్నది, పేరును బట్టి చూస్తే, పిల్లల్ని తిన్నగా చేసే డాక్టరుకి! ఇక స్టాంపీడ్ స్పానిష్ నుంచి వచ్చింది. తొక్కిసలాటలో తొక్కేవి కాళ్ళే అయినా ఆ మాటలో పాదం లేదు.

ఇక్కడ ప్రూఫ్ రీడర్ కంటికి ఒకటి దొరికింది. బ్రిటిష్ వాళ్ళ స్పెల్లింగ్‌లో, పిల్లవాడు దాగిన ఈ మాటల్లో పి తర్వాత ఏ ఉంటుంది, ఆ తర్వాతే ఈ. ఆర్థోపీడిక్స్‌లోనూ అంతే, ఎన్‌సైక్లోపీడియాలోనూ అంతే. పాదం మాటల్లో ఆ ఏ ఉండదు. అమెరికావాళ్ళు దాన్ని ఎగరగొట్టేసరికి రెండు కుటుంబాలూ ఒకే ఇంటిపేరుతో కనబడుతున్నాయి. మన ఆసుపత్రి బోర్డులమీద రెండు రకాలూ ఉన్నాయి, ఈసారి అటు వెళ్తే చూడండి.

ఆ కాగితం తయారుచేసిన టీచరుగారు బి.ఎడ్.లో పెడగాజీ, అంటే పాఠం చెప్పే విద్య, చదివే ఉంటారు. అందులోనూ పాదం లేదు, పిల్లవాడే ఉన్నాడు. పూర్వం గ్రీసులో పిల్లాణ్ణి బడికి వెంటబెట్టుకెళ్ళే బానిసని పైడగోగోస్ అనేవారు, ఈ మాట అందులోంచే వచ్చింది. ఇవాళ మా వీధిలో ఆ పని ఆటో అబ్బాయి చేస్తున్నాడు.

తలగడ, తలపాగా, తలంబ్రాలు ఒక వరసలో రాసి 'తల' నేర్పితే పిల్లలకి ఎంత సులువు! ఆ వరసలో తలుపు కూడా చేరిస్తే ఊరుకుంటామా? ఇంగ్లీషు కాబట్టి ఊరుకుంటున్నాం.

నేను ఈ పద్ధతికి వ్యతిరేకిని కాను. మంచి పద్ధతే, మాటలు ఏరడంలోనే వచ్చింది చిక్కు. ఇదే పిల్ల డెట్ అనే మాటలో బి రాయక మార్కు పోగొట్టుకుని ఏడ్చింది. పలకని అక్షరం ఎందుకట. నా బ్యాంకు పాస్‌బుక్ తెచ్చి డెబిట్ అన్నచోట వేలు పెట్టి చూపించాను. అక్కడ బి పలుకుతోంది కదా. అప్పు అనే ఆ మాట ఫ్రెంచి నుంచి బి లేకుండానే ఇంగ్లీషులోకి వచ్చింది. తర్వాత పండితులు లాటిన్ మూలం గుర్తుండాలని బి తెచ్చి ఇరికించారు. టూ అనే అంకెలో డబ్ల్యూ కూడా ఊరికే లేదు. ట్విన్, ట్వైస్, ట్వెల్వ్ పలికి చూడండి, వినబడుతుంది. ఆ రెండు మాటలూ ఆ పిల్ల మళ్ళీ తప్పు రాయలేదు.

పండితులు అన్నిసార్లూ ఒప్పు కాదనుకోండి. ఐలండ్‌లో ఎస్ వాళ్ళు పొరపాటున పెట్టిందే. అది ఇంగ్లీషు వాళ్ళ సొంత మాట, ఎస్ లేకుండానే ఉండేది. ఐల్ అనే వేరే మాటకి లాటిన్ చుట్టరికం ఉందని దీనికీ అంటగట్టారు. మా భాషలో అది అచ్చుతప్పు కాదు, దిద్దుబాటు తప్పు. వాళ్ళని అనడానికి నాకూ నోరు లేదు. కొత్తలో ఒక రచయిత కృష్ణ మధ్య లంకలోంచి అరటిగెలలు వచ్చాయని రాస్తే, 'శ్రీ' మర్చిపోయారనుకుని చేర్చి శ్రీలంక చేశాను. అప్పట్లో మా ఇల్లేమో కృష్ణలంకలో! ఫోర్‌మన్ తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

మీ విద్యార్థుల పేజీలో రోజూ పది ఇంగ్లీషు మాటలు, అర్థాలు వేస్తున్నారు. పది వద్దు, నాలుగు చాలు. కానీ ఆ నాలుగూ నిజంగా ఒక్క ఇంటివై ఉండాలి. ఒక్కోదానికి పుట్టుక ఒక వాక్యంలో చెప్పండి. అక్షరాలు కలిసినా ఆ ఇంటిది కాని మాట ఒకటి పక్కన వేసి, ఎందుకు కాదో రాయండి. పిల్లలకి అదే సరదాగా ఉంటుంది. టీచర్లు ఆ పేజీ కత్తిరించి దాచుకుంటారు కూడా.

ఈ వారం కాగితం 'పోర్ట్ అంటే మోయడం'. పోర్టర్, ఎక్స్‌పోర్ట్, ట్రాన్స్‌పోర్ట్, పోర్ట్రెయిట్. ప్రూఫులో అనుమానం వచ్చినచోట ఎలా సున్నా చుట్టాలో పిల్లకి నేర్పాను. రాత్రి నేను భోంచేసి వచ్చేసరికి పోర్ట్రెయిట్ చుట్టూ ఎర్రసున్నా ఉంది. డిక్షనరీ తన ఒళ్ళో ఉంది.

ఇట్లు,
ఒక పాత ప్రూఫ్ రీడర్,
సత్యనారాయణపురం, విజయవాడ