సబ్బు మాట

చిట్టితల్లీ,

మొన్న వీడియో కాల్‌లో పచ్చడి మరక పడ్డ చున్నీ చూపిస్తూ, "నాన్నా, ఇక్కడ ఫిలిప్పీన్స్‌లో సబ్బుని సబోన్ అంటారు, సెబూలో నేను నోరు తెరిచి అడిగి కొన్న మొదటి వస్తువు అదే" అన్నావు. ముప్పై ఏళ్లుగా సబ్బులమ్ముతున్నవాణ్ని, వదులుతానా? రెండు రాత్రులు కొట్టు కట్టేశాక ఫోన్ పట్టుకుని కూర్చున్నా. మీ అమ్మ తిట్టింది కూడా.

ఆ మాట స్పెయిన్ వాళ్లది. 1565లో లెగాస్పి అనే ఆయన ఓడలేసుకొచ్చి మీ సెబూలోనే మకాం పెట్టాడు. 1898 దాకా ఆ దీవులు వాళ్ల ఏలుబడిలోనే ఉన్నాయి. తమాషా ఏంటంటే, ఇప్పుడు స్పెయిన్‌లో సబ్బుని గొంతు గీరుకుంటూ "హబోన్" అంటారు. మరి సెబూ వాళ్ల నోట్లోకి "స" ఎలా వచ్చింది? పాపం తప్పు పలుకుతున్నారేమో అనుకున్నా. కాదట. ఆ ఓడలొచ్చిన రోజుల్లో స్పెయిన్ వాళ్లే దాన్ని "షబోన్" అనేవాళ్లు. సెబూ వాళ్ల భాష సెబువానోలో "ష" లేదు, "స" చేసుకున్నారు. మీ నాయనమ్మ షాపుని సాపు అనదూ, అలాగన్నమాట. తర్వాత 17వ శతాబ్దంలో స్పెయిన్‌లో ఆ "ష" కాస్తా గొంతులోకి దిగిపోయింది. సెబూలో మాత్రం పాతదే నిలిచింది.

జూదాన్ని అక్కడ సుగల్ అంటారు, అదీ పాత సరుకే. స్పెయిన్‌లో ఇప్పుడది "హుగార్". తోటని మాత్రం హార్దిన్ అంటారు. "హ"తో వచ్చిందంటే ఆలస్యంగా దిగిన మాట. సబ్బు రేపర్ మీద తయారీ తేదీ చూస్తాం కదా, వీటికి ఆ తేదీ మొదటి అక్షరంలోనే ఉంది.

మన సబ్బు కూడా ఆ మాటకి పరాయిదేం కాదు. అరబ్బీలో సాబూన్, లాటిన్‌లో సాపో, అంతా ఒకే వంశం. బకెట్‌ని వాళ్లు బాల్దే అంటారట, అడిగి చూడు. మన బాల్చీ వచ్చింది కూడా పోర్చుగీసు వాళ్ల బాల్దే నుంచే. ఇంకోటి, మన మేస్త్రీ గోడ కడతాడు, అక్కడ మాయెస్ట్రా బడిలో పాఠం చెబుతుంది. ఇద్దరూ దాయాదులే.

అమ్మ మళ్లీ ఆవకాయ పంపుతోంది. ఈసారి సీసా మూతకి టేపు నేనే చుట్టాను. చున్నీ మరక పోయిందా? బట్టల సబ్బుని కూడా సబోన్ అనే అంటారా, వేరే పేరుందా? కొట్లో అడిగి చెప్పు.

మీ నాన్న