సిఫార్సు లెటర్లకూ ఒక రిజిస్టర్ పెట్టండి: స్పీకర్ గారికి విశాఖ నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన శాసనసభాపతి శ్రీ చింతకాయల అయ్యన్నపాత్రుడు గారికి,

నమస్కారం. మీరు నర్సీపట్నం నుంచి మొదటిసారి ఎమ్మెల్యే అయిన 1983లోనే అమెరికాలో మైకేల్ మాడిగన్ అనే ఆయన ఇల్లినాయ్ రాష్ట్ర దిగువ సభకు స్పీకర్ అయ్యారు. మధ్యలో రెండేళ్లు తప్ప 2021 దాకా ఆ కుర్చీ ఆయనదే. అక్కడ ఏ రాష్ట్ర చట్టసభలోనూ అంతకాలం చక్రం తిప్పినవాళ్లు లేరు. 2025 అక్టోబరులో, 83 ఏళ్ల వయసులో, ఆయన లంచం కేసులో జైలుకెళ్లారు. ఏడున్నరేళ్ల శిక్ష, 25 లక్షల డాలర్ల జరిమానా. (ఏడాది కలిసింది కాబట్టి చెప్పాను గానీ, మిమ్మల్ని ఆయనతో పోల్చడం నా ఉద్దేశం కాదు.)

ఆ కేసులో ఎక్కువగా వినపడింది నోట్ల కట్టల మాట కాదు, సిఫార్సుల మాట. షికాగోకు కరెంటిచ్చే కామన్‌వెల్త్ ఎడిసన్ కంపెనీకి కావలసిన బిల్లులు ఆయన సభలోంచే పాసవ్వాలి. ఆయన మనుషులకు కంపెనీ ఉద్యోగాలిచ్చింది, కాంట్రాక్టులిచ్చింది. కొందరైతే పనేమీ చేయకుండానే నెలనెలా డబ్బు తీసుకున్నారు. అలా పోయింది దాదాపు 13 లక్షల డాలర్లు. 2020లో ఆ కంపెనీ 20 కోట్ల డాలర్ల జరిమానా కట్టడానికి ఒప్పుకుంది. మాడిగన్ సెల్‌ఫోన్ వాడరు, ఈమెయిల్ లేదు. అయినా ఆయన మనిషి ఫోన్ మీద నిఘా పెట్టిన అక్కడి కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐకి మాటలు దొరికాయి. జనానికి ఉద్యోగం చూపించడం నాయకుడి పనే కదా అని ఆయన లాయర్లు వాదించారు. 23 అభియోగాల్లో జ్యూరీ పదింటిని నమ్మింది, ఏడింటిని కొట్టేసింది, ఆరింటి మీద తేల్చలేకపోయింది.

లాయర్ల మాట వినగానే మా అక్క కొడుకు గుర్తొచ్చాడు. డిప్లొమా చేశాడు, ఒకచోట ఔట్‌సోర్సింగ్ పోస్టుకి వెళ్తే సర్టిఫికెట్లు తిరగేయకుండానే "ఎవరి లెటర్ తెచ్చావ్ బాబూ?" అని అడిగారట. తేలేదు. ఆ పోస్టు ఎవరికొచ్చిందో మాకు తెలీదు. లెటర్ ఇచ్చిన నాయకుణ్ణి కూడా నేను తప్పుపట్టను, ఇంటి గుమ్మంలో నిలబడ్డవాణ్ణి కాదనడం కష్టం. కానీ ఆ సంస్థకు రేపు అదే నాయకుడితో పనిపడితే?

మన చట్టం ఈ సంగతి గుర్తించింది. 1988 నాటి అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించాక, అనుచిత ప్రయోజనం అంటే డబ్బొక్కటే కాదు, తన కోసమే కానక్కరలేదు, ఇంకొకరి కోసమైనా నేరమే. సభలో ఓటుకి లంచం తీసుకున్నా రక్షణ లేదని 2024 మార్చిలో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జిల ధర్మాసనం తేల్చింది. అయితే ఇవన్నీ కేసు పడ్డాక మాటలు.

మిమ్మల్ని అడిగేది చిన్న పని. ఉద్యోగానికో కాంట్రాక్టుకో ఎమ్మెల్యే ఇచ్చే ప్రతి లెటర్‌కీ నంబరు, తేదీ, ఎవరి కోసం, ఏ సంస్థకి అనేది రిజిస్టర్‌లో రాయించండి. నెలనెలా శాసనసభ వెబ్‌సైట్‌లో పెట్టించండి. నోటిమాటగా చేసే సిఫార్సులు ఇందులోకి రావని తెలుసు. సగమైనా వస్తాయి కదా. తిరుమల దర్శనానికిచ్చే లెటర్లకు కోటా ఉంది, లెక్క ఉంది. ఉద్యోగానికిచ్చేవాటికి ఆ లెక్కయినా లేదు.

వచ్చే సమావేశాల్లోగా మీ జవాబు కోసం చూస్తుంటాను.

ఇట్లు,
కంచరపాలెం ఓటరు,
విశాఖపట్నం