మామా, మొదట వెనక చక్రం చూడు

కడప, ఆదివారం రాత్రి

ఒరేయ్ మామా,

ఫోన్లో నువ్వు అడిగింది రెండు ముక్కల్లో తేలేది కాదు, అందుకే కూర్చుని రాస్తున్నా. "గేర్ల సామానంతా ఒకేసారి మార్చాలా, ఒక్కొక్కటిగా మార్చుకుంటూ పోతే కుదరదా" అన్నావు గదా. కుదురుతుందిరా. నేను అట్లే మార్చుకున్నా, అయిదు నెలలు పట్టింది, ఒక్క వారం తప్ప సైకిల్ మూలన పెట్టింది లేదు. కానీ ఏది ముందు, ఏది దేనితో కలుస్తుంది అనేది తెలుసుకోకుండా మొదలుపెడితే డబ్బులు పోతాయి. నాకు ఒకసారి పోయాయి, అదీ చెప్తా.

మన ఇద్దరివీ ఒకే రకం సైకిళ్ళు కాబట్టి నీకు సులువుగా అర్థమవుతుంది. ముందు పెడళ్ళ దగ్గర మూడు పళ్ళ చక్రాలు, 42, 34, 24 పళ్ళవి. వెనక ఏడు, 14 నుంచి 28 దాకా. గువ్వలచెరువు ఘాట్‌లో నిలబడి తొక్కుతుంటే నా చైను పళ్ళ మీద టక్కుమని జారింది, మోకాలు హ్యాండిల్‌కి కొట్టుకుంది, వెనకాల లోడు లారీ హారన్ కొడుతూ వస్తోంది. పక్కకు దిగి ఆ మలుపులోనే పది నిమిషాలు కూర్చున్నా. ఘాట్ దాటి పాలకోవా తినకుండా వెనక్కి రావడం అదే మొదటిసారి.

ఇంటికొచ్చి మా చిన్నోడి స్కేలు తీసుకుని చైను కొలిచా. నువ్వూ ఈ పని ఈరోజే చెయ్యి. చైనులో ఒక్కో లంకె అరంగుళం. ఒక పిన్ను నడిమి మీద సున్నా గీత పెట్టి 24 లంకెలు లెక్కపెడితే చివరి పిన్ను నడిమి సరిగ్గా 12 అంగుళాల గీత మీదికి రావాలి. నాది ఆ గీత దాటి ఎనిమిదో వంతు అంగుళం అవతల ఉంది. చైను సాగింది అంటారు గానీ ఇనుము సాగదురా, పిన్నులు, వాటి రంధ్రాలు అరిగి ప్రతి లంకె దగ్గరా కొంచెం కొంచెం వదులవుతుంది. మన దగ్గర నాపరాళ్ల పొడి, ఎర్రమట్టి దుమ్ము నూనెలో కలిసి చైనును గరుకు కాగితంలా అరగదీస్తుంది. గీత దాటింది పదహారో వంతు అంగుళమైతే చైను ఒక్కటే మార్చి బయటపడొచ్చు. ఎనిమిదో వంతు దాకా వచ్చిందంటే వెనక పళ్ళు కూడా అరిగిపోయి ఉంటాయి, వాటి మీద కొత్త చైను వేస్తే ఇంకా ఎక్కువ జారుతుంది.

సరే, ఎటూ పళ్ళు మార్చాల్సిందే కదా, మంచి గేర్లకే పోదాం అనుకున్నా. షాపుకు తీసుకెళ్తే అక్కడి పెద్దాయన చైను వైపు చూడను కూడా చూడలేదు, వెనక చక్రం పైకెత్తి పళ్ళను వెనక్కి తిప్పాడు. "అబ్బీ, నడిమిన పానా పట్టే గాడి చూడు, పళ్ళతో పాటు తిరగడం లేదు. ఇది ఫ్రీవీలు, చక్రం నడిమి హబ్బుకు మర తిప్పి బిగించేది. నువ్వడిగే సామాను దీనికెక్కదు" అన్నాడు. ఆ గాడి పళ్ళతో పాటు తిరిగితే అది క్యాసెట్, అంటే హబ్బు మీదికి జార్చి ఎక్కించే పళ్ళ కట్ట, తిరగకపోతే ఫ్రీవీల్. ఈ ఒక్కటి తెలియకుండా ఎన్ని వీడియోలు చూసినా లాభం లేదు. ఫ్రీవీల్ హబ్బులో ఇంకో ఇబ్బంది ఏమిటంటే, కుడి వైపు బేరింగ్ పళ్ళకు బాగా లోపలగా ఉంటుంది, దాంతో ఇరుసు చివర ఆనుడు లేకుండా పొడుగ్గా మిగిలిపోయి గుంతల్లో దిగినప్పుడు వంగుతుంది. నాది విప్పి చూస్తే అప్పటికే కొంచెం వంగి ఉంది. ఆ ఫ్రీవీల్ ఊడదీయడానికి పానాను వైస్‌లో బిగించి, చక్రం మొత్తాన్ని దాని మీద పెట్టి ఇద్దరం పట్టుకుని తిప్పాం. తొక్కినకొద్దీ బిగుసుకునే మర అది, అంత సులువుగా రాదు.

అందుకే నా మొదటి ఖర్చు వెనక చక్రం, 8, 9, 10 స్పీడ్ (అంటే వెనక అన్ని పళ్ళ చక్రాలున్న) క్యాసెట్లు ఎక్కే హబ్బు, అదే ఫ్రీహబ్, ఉన్నది. నీదీ డిస్క్ బ్రేకే కాబట్టి ఇరుసు కూర్చునే ఫ్రేము చెవుల మధ్య 135 మిల్లీమీటర్లు, డిస్కుకు ఆరు బోల్టులు, ఈ రెండూ చూసుకో. ఇక్కడ ఒక కిటుకు ఉందిరా, అదే నాకు అయిదు నెలల టైమ్ ఇచ్చింది. కొత్త హబ్బు మీద వెంటనే 9 స్పీడ్ వేస్తే షిఫ్టర్ (హ్యాండిల్ మీద గేరు మార్చేది), చైను అన్నీ అదే రోజు కొనాలి. అట్లా కాకుండా హబ్బు మీద ముందు 4.5 మిల్లీమీటర్ల వాషర్ లాంటి స్పేసర్ వేసి, దాని మీద 7 స్పీడ్ క్యాసెట్ ఎక్కించా, 12 నుంచి 32 పళ్ళది. ఒక చవక చైను, పాత షిఫ్టర్, చైనును ఒక పన్ను చక్రం నుంచి ఇంకోదానికి జరిపే పాత డీరైలర్. అన్నీ పని చేశాయి, 28 బదులు 32 వచ్చేసరికి ఘాట్‌లో ఊపిరి ఆడింది.

అదే వారం గేర్ వైరు, దాని బయటి గొట్టం కూడా మార్చా. మొత్తం కథలో అన్నిటికంటే తక్కువ ఖర్చు ఇదే, తేడా మాత్రం చేతికి వెంటనే తెలిసింది. గొట్టం మాత్రం గేర్లదే అడుగు, బ్రేకుది వేస్తే ఊరుకోకు. బ్రేకు గొట్టం లోపల తీగ స్ప్రింగులా చుట్టి ఉంటుంది, లాగితే కొంచెం నొక్కుకుంటుంది. గేర్ గొట్టంలో తీగలు నిలువుగా ఉంటాయి కాబట్టి పొడవు మారదు. ఆ కొంచెం తేడాకే గేరు అటూ ఇటూ అవుతుంది.

ఇప్పుడు డబ్బులు పోయిన సంగతి. పాత డీరైలర్ కీళ్ళు వదులై ఊగుతోంది. పాత సామాను అమ్మే ఒకాయన దగ్గర షిమానో కంపెనీ 10 స్పీడ్ డియోర్ డీరైలర్ దొరికింది, మెరుస్తోంది. "షిమానోకు షిమానో కలవకపోతే ఇంకేం కలుస్తుంది" అన్నాడు, నమ్మి తెచ్చి బిగించా. రెండు రాత్రులు మిద్దె మీద సైకిల్ తలకిందులు పెట్టుకుని మర తిప్పుతూనే ఉన్నా. చిన్న పన్ను దగ్గర సరిచేస్తే మూడో దానికి చైను ఎక్కదు, మధ్యలో సరిచేస్తే రెండు చివర్లూ గోల. ఆ ఒక్క వారమే సైకిల్ మూలన పడింది. అప్పుడు కాగితం తీసుకుని లెక్క వేశా, నువ్వు కూడా ఈ లెక్క వేసుకున్నాకే ఏదైనా కొను.

7 స్పీడ్‌లో ఒక పన్ను చక్రం నడిమి నుంచి పక్కదాని నడిమికి 5 మిల్లీమీటర్లు. 9 స్పీడ్‌లో 4.35. షిమానో పాత డీరైలర్లు, 7, 8, 9 మూడింటివీ, వైరు ఒక మిల్లీమీటరు లాగితే సుమారు 1.7 మిల్లీమీటర్లు పక్కకు జరుగుతాయి. 10 స్పీడ్ మౌంటెన్ బైక్ డీరైలర్ అదే లాగుడుకు 1.2 మాత్రమే జరుగుతుంది. నా 7 స్పీడ్ షిఫ్టర్ ఒక క్లిక్కుకు 2.9 మిల్లీమీటర్ల వైరు లాగుతుంది. దాన్ని 1.2తో గుణిస్తే మూడున్నర. కావాల్సింది 5. ఒక్కో క్లిక్కుకు ఒకటిన్నర మిల్లీమీటరు వెనకపడుతుంటే ఏ మర తిప్పితే ఏం లాభం చెప్పు! ఆ కాగితం ఇంకా నా టూల్ డబ్బాలోనే ఉంది.

మరుసటి నెల షిమానోదే 9 స్పీడ్ అలీవియో డీరైలర్ కొన్నా, ఎం3100, వెనక 36 పళ్ళ దాకా పడుతుంది. పాత 7 స్పీడ్ షిఫ్టర్‌తోనే వెన్నలా మారింది, ఎందుకంటే రెండూ ఆ 1.7 కుటుంబమే. ఇంకోమాట, షాపులో "9 స్పీడే సార్" అని షిమానో క్యూస్ సామాను చూపిస్తే తొందరపడకు. అది 2023లో వచ్చిన సిరీస్, మంచిదే, గట్టిదే, కానీ దాని వైరు లాగుడు, పళ్ళ మధ్య దూరం రెండూ పాత 9 స్పీడ్‌వి కావు. తీసుకుంటే షిఫ్టర్, డీరైలర్, క్యాసెట్ అన్నీ అందులోవే తీసుకోవాలి. డబ్బా మీది అంకె ఒకటే అయినంత మాత్రాన సరిపోదురా.

ఆ తర్వాత 9 స్పీడ్ షిఫ్టర్, 11 నుంచి 36 పళ్ళ క్యాసెట్, 9 స్పీడ్ చైను. ఈ మూడూ విడదీయలేవు, ఒకేరోజు బిగించాలి. 7, 8 స్పీడ్ చైను వెడల్పు 7.1 మిల్లీమీటర్లు ఉంటుంది, 9ది 6.6, పాత చైను కొత్త క్యాసెట్లో పక్క పళ్ళను గీకుతుంది. ఆ స్పేసర్ తీసేయడం మర్చిపోకు. చైను పొడవుకు, డీరైలర్‌లోంచి పోనివ్వకుండా ముందు పెద్దది, వెనక పెద్దది చుట్టి రెండు లంకెలు కలుపుకుని కత్తిరించు.

ముందు వైపు గురించి నీకు నాకు వాదన ఉంటుందని తెలుసు. నేను మూడూ తీసేసి ఒక్కటే పెట్టా. పెడళ్ళు బిగించే మన పాత క్రాంక్‌లో పళ్ళ చక్రాలు రివెట్లతో కొట్టి ఉంటాయి, విడిగా మారవు, కాబట్టి 104 మిల్లీమీటర్ల బోల్టు వలయం ఉన్న క్రాంక్ తెచ్చి, దానికి ఒక పన్ను సన్నం, ఒక పన్ను మందం ఉండే 30 పళ్ళ రింగు బిగించా. లెక్క చూడు: పాత సైకిల్‌లో అన్నిటికంటే తేలిక గేరు 24 బై 28, అంటే 0.86. ఇప్పుడు 30 బై 36, 0.83. ఎక్కడానికి పాతదానికంటే తేలికే. పోయింది పైన, 42 బై 14 అంటే 3 ఉండేది, ఇప్పుడు 30 బై 11, 2.73. నిమిషానికి 80 సార్లు తొక్కితే గంటకు 28 కిలోమీటర్లు, అంతకు మించి పోవాలంటే కాళ్ళు చకచకా ఆడాలి. మైదుకూరు రోడ్డులో ఎదురుగాలి లేని పొద్దున ఇది తెలుస్తుంది. నాకు పర్వాలేదు, నేను రాళ్ళ దారులే ఎక్కువ తొక్కుతా. నువ్వు రోజూ ఆఫీసుకు చదును రోడ్డు మీద పోయేవాడివి, నీ మూడూ అట్లే ఉంచుకో, 9 స్పీడ్ చైను వాటి మీదా తిరుగుతుంది. నా అలీవియోలో చైనును బిగించి పట్టే క్లచ్ లేదు, అందుకని ముందు డీరైలర్‌ను తీసేయకుండా, దాని రెండు మరలు బిగించి చైను అటూ ఇటూ పడకుండా కాపలా పెట్టా. పాలకొండల కింద రాళ్ళ దారిలో ఇన్నాళ్ళూ ఒక్కసారి కూడా చైను పడలేదు.

పోయిన ఆదివారం మళ్ళీ గువ్వలచెరువు పోయా. అదే మలుపులో కావాలనే నిలబడి తొక్కా. చైను కదల్లేదు. పైన కోవా కొని నీ వాటా కూడా నేనే తిన్నా.

నువ్వు ముందు రెండు ఫొటోలు పంపు, వెనక హబ్బు నడిమి గాడి దగ్గరగా ఒకటి, చైను మీద స్కేలు పెట్టి ఒకటి. అవి చూసేదాకా ఏదీ ఆర్డర్ పెట్టకు. సంక్రాంతికి వస్తావు గదా, సైకిల్ బస్సులో వేసుకునిరా, నా దగ్గర ఆ 4.5 స్పేసరూ, 7 స్పీడ్ క్యాసెట్టూ ఖాళీగా ఉన్నాయి, నీకు క్యాసెట్ ఎక్కే హబ్బు ఉంటే అవే వేద్దాం. అమ్మ నిన్ను అడుగుతోంది, కారం దోసెకు పిండి నానబెడతానంటోంది.

నీ మామ