నెల్లూరు: మన కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులకు నమస్కారం. కాలువ పూడికతీత, వీధి దీపాలు, వినాయక చవితి పందిరి లెక్కలు జమాఖర్చుల కాగితంలో ఉన్నాయి, చూసుకోండి. ఈ ఏడాది కమిటీ టైమంతా మూతపడిన సిమెంటు రేకుల ఫ్యాక్టరీ స్థలానికే సరిపోయింది.

ఎండాకాలంలో అక్కడ జేసీబీ దిగింది. ప్లాట్లు వేస్తారట. వేసుకోనివ్వండి, మన అభ్యంతరం దాని మీద కాదు. విరిగిన రేకులు, ఫ్యాక్టరీ పారబోసిన బూడిదరంగు పొడి ఆ స్థలంలో గుట్టలుగా పడి ఉన్నాయి. రేకు ముక్క విరిగిన అంచును ఎండలో చూస్తే సిమెంటులోంచి నూగులాంటి పోగులు కనిపిస్తాయి. అదే ఆస్బెస్టాస్. రేకు కదలకుండా ఉన్నంతవరకు భయం తక్కువే. పొడి పొడిగా పగలగొట్టి ఎత్తిపోస్తే మాత్రం కంటికి ఆనని పోగులు పడమటి గాలికి మన వాకిళ్లలోకే వస్తాయి. అవి పీల్చినవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్, ఊపిరితిత్తుల పొరకు వచ్చే మెసోథీలియోమా అనే క్యాన్సర్ ఇరవై, నలభై ఏళ్ల తర్వాత కూడా బయటపడతాయి. ‘ఇన్నాళ్లూ ఎవరికేమైంది?’ అని అడిగేవాళ్లకు మా జవాబు ఇదే.

పని ఆపించి, కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్‌కు అర్జీ పెట్టాం. ఒక ఆఫీసులో ‘పైన గ్రావెల్ తోలి మెరక చేస్తే పోలా?’ అన్నారు. పోదు. ప్లాటు కొన్నవాళ్లు పునాదులు తీస్తారు, సెప్టిక్ ట్యాంకుకు గొయ్యి తవ్వుతారు, కప్పిపెట్టిందంతా పైకొస్తుంది. ఎన్నటికీ తవ్వమని రాసిచ్చి పార్కుగా వదిలేస్తే అది వేరే మాట.

2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల మొదటి షెడ్యూలులోనే ఆస్బెస్టాస్ తయారీ వ్యర్థాలు ఉన్నాయి. ట్రాక్టర్లకెత్తి చెరువు గట్టున పోయడానికి ఇది మామూలు చెత్త కాదు. ముందు మట్టి పరీక్ష చేయించాలని, తర్వాత నీళ్లతో తడుపుతూ ఏరించి, మూటలు కట్టి, ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలని, లేఅవుట్ సంగతి ఆ తర్వాతే చూడాలని అడిగాం. ఇంగ్లండ్‌లోని రాక్‌డేల్‌లో పాత ఆస్బెస్టాస్ ఫ్యాక్టరీ స్థలంలో 650 ఇళ్లు కడతామని 2004లో దరఖాస్తు పెడితే, అక్కడివాళ్లు వద్దంటూ ఏళ్ల తరబడి పట్టువదల్లేదు. మనం అడుగుతున్నది అంతకంటే చిన్న విషయమే.

ఇంకో మాట. కోళ్లగూడుకనీ, బాత్రూం అడ్డానికనీ ఆ ముక్కలు తెచ్చుకున్న ఇళ్లు మనలోనూ ఉన్నాయి. వాటిని విరగ్గొట్టొద్దు, పొడిగా ఊడ్చొద్దు. తడిపి, మందపాటి పాలిథిన్ కవర్లో కట్టి పక్కన పెట్టి, కమిటీకి చెప్పండి.

మట్టి నమూనాలు తీసుకెళ్లారు, రిపోర్టు ఇంకా రాలేదు. ఈలోగా పిల్లలు క్రికెట్‌కు దూరే ప్రహరీ కంత మూయించాలి. ఆ ఖర్చుకు సభ్యుల ఆమోదం కోరుతున్నాం.

– కార్యదర్శి