2024–25 వార్షిక నివేదిక: భార్గవ వారం, మిగతా పనులు

మన విజ్ఞాన సంఘం గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని మన నియమావళిలో ఉంది కాబట్టి చదువుతున్నాను. కిందటేడు రెండు పేజీల్లో ముగించాను, ఎందుకంటే పని కూడా అంతే జరిగింది. ఈసారి కొంచెం ఎక్కువసేపు కూర్చోబెడతాను. టీ ఆ తర్వాతే ఇవ్వమని కోశాధికారి గారికి ముందే చెప్పి ఉంచాను.

మామూలు పనులు ముందు చెప్పేస్తాను. కార్యవర్గం తొమ్మిదిసార్లు సమావేశమైంది, అందులో రెండుసార్లు కోరం లేక టీ తాగి లేచిపోయాం. వేసవి సెలవుల్లో పిల్లలకు మైక్రోస్కోప్ శిబిరం ఎప్పటిలాగే నడిచింది. ఉల్లిపొర కణాలు చూపించే బల్ల దగ్గర ఎప్పటిలాగే తోపులాట. ఆగస్టు 20న శాస్త్రీయ దృక్పథ దినం జరిపాం, వర్షం వల్ల జనం పలచగా వచ్చారు. గ్రంథాలయం ఆదివారాలు తెరిచి ఉంచుతామని పోయిన సమావేశంలో తీర్మానం చేశాం. తాళం చెవి బాధ్యత తీసుకున్నవారు మూడు వారాల తర్వాత కనిపించలేదు. ఇప్పుడు చెవి నా దగ్గరే ఉంది, ఆదివారాలు కూడా నావే.

ఇక అసలు విషయం. ఫిబ్రవరి 22 జీవశాస్త్రవేత్త డాక్టర్ పుష్ప మిత్ర భార్గవ పుట్టినరోజు, 28 జాతీయ విజ్ఞాన దినం. ఈ రెండు తేదీల మధ్య వారమంతా ఆయన పరిశోధన మీద ప్రదర్శన పెట్టాలని నవంబర్ సమావేశంలో అనుకున్నాం. ఆ రోజు జరిగింది దాచకుండా చెప్తాను. భార్గవ పేరు ఎత్తగానే అందరూ గలగలా మాట్లాడారు. 2015లో పద్మభూషణ్ వాపసు ఇచ్చిన మనిషి అని ఒకరు, యూనివర్సిటీల్లో జ్యోతిషం కోర్సుల మీద కోర్టుకు వెళ్లిన మనిషి అని ఒకరు. 2004లో సుప్రీంకోర్టులో ఆ కేసు ఓడిపోవడం దాకా మనవాళ్లకు నోటికి వచ్చు. సరే, ఆయన ల్యాబ్‌లో ఏం చేశారు అని మన ఉపాధ్యక్షులు అడిగారు. గదిలో ఒక్కరూ నోరు విప్పలేదు, నాతో సహా. మన ఆఫీసు గది నుంచి సీసీఎంబీ (హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) గేటు దాకా నడిచి వెళ్లొచ్చు. ఆ గేటు లోపలిదంతా మొదలుపెట్టిన మనిషి ఏ కణాన్ని పట్టుకుని కూర్చున్నాడో ఇన్నేళ్లలో మనం తెలుసుకోలేదు. ప్రదర్శన పుట్టింది ఆ సిగ్గులోంచే.

పద్దెనిమిది పోస్టర్లు తయారయ్యాయి. వాటిని రాసింది, గీసింది, దిద్దింది ఆరుగురు. ఆ ఆరుగురిలో నలుగురికి అరవై దాటాయి. యువజన విభాగం అనేది మన లెటర్‌హెడ్ మీద మాత్రమే ఉందని ఈ సందర్భంగా మనవి చేస్తున్నాను.

మొదటి పోస్టరే చాలామందిని ఆపింది. హైదరాబాద్‌లో కణ జీవశాస్త్రానికి గుడి కట్టిన మనిషి (గుడి అన్న మాట ఆయన వింటే ఊరుకునేవారు కాదు) చదివింది ఆర్గానిక్ కెమిస్ట్రీ. 1928లో అజ్మీర్‌లో పుట్టి, 1949లో ఇరవై ఒక్క ఏళ్లకే లక్నో విశ్వవిద్యాలయం నుంచి పీహెచ్‌డీ తీసుకుని, మరుసటేడు మన ఊరొచ్చారు. ఆయన చేరిన అప్పటి కేంద్ర ప్రయోగశాల తర్వాత ఆర్ఆర్ఎల్ (ప్రాంతీయ పరిశోధనశాల) అయింది, ఇప్పుడు ఐఐసీటీ (రసాయన సాంకేతిక పరిశోధన సంస్థ). 1953లో అమెరికా వెళ్లి విస్కాన్సిన్‌లోని మెకార్డిల్ క్యాన్సర్ ప్రయోగశాలలో చార్లెస్ హైడెల్‌బర్గర్ దగ్గర చేరారు. క్యాన్సర్ తెచ్చే రసాయనాన్ని ఎలుక చర్మానికి పూస్తే అది అక్కడి ప్రొటీన్లకు ఎలా అతుక్కుంటుందన్నది ఆయన చేపట్టిన పని. ఆ రసాయనంలో రేడియోధార్మిక కార్బన్ పెట్టి, అది ఎక్కడ చేరిందో వెతుక్కుంటూ పోవాలి.

ఈ పోస్టర్ దగ్గరే మనలో మనకు గొడవైంది. మొదటి ముసాయిదాలో '5-ఫ్లోరోయురాసిల్ మందు కనిపెట్టిన భార్గవ' అని పెద్దక్షరాల్లో రాశారు. నేను ఒప్పుకోలేదు. ఆ క్యాన్సర్ మందు హైడెల్‌బర్గర్ బృందానిది, 1957లో నేచర్ అనే సైన్స్ పత్రికలో వచ్చిన పత్రం మీద ఆయనతోపాటు చాలా పేర్లున్నాయి, వాటిలో భార్గవ పేరు లేదు. ఆ ల్యాబ్‌లో ఆ రోజుల్లో ఆయన పనిచేశారు, ఆ కృషిలో ఆయనకు భాగం ఉందని ఆయన జీవిత విశేషాలు రాసినవారు చెప్తారు. మనమూ అంతవరకే రాయాలి. ఆధారం చూపించమని ఊరందరినీ అడిగే సంఘం మనది, మన పోస్టర్‌కు ఆ రూలు వర్తించదా? ముసాయిదా రాసిన మిత్రుడు రెండు వారాలు నాతో మాట్లాడలేదు, తర్వాత తానే దిద్ది తెచ్చాడు. దిద్దిన పోస్టర్ మొదటిదానికంటే బాగుంది. కణానికి అవసరమైన యురాసిల్‌లో ఒక్క హైడ్రోజన్ తీసి ఫ్లోరిన్ పెడితే, కణం మోసపోయి దాన్ని తీసుకుని, డీఎన్ఏకి కావలసిన థైమిన్ తయారు చేసుకోలేక ఎలా ఆగిపోతుందో బొమ్మల్లో చూపించాడు. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆ మందు నేటికీ వాడుతున్నారు. అది చదివి ఒకావిడ చాలాసేపు అక్కడే నిలబడ్డారు, మేమేమీ అడగలేదు.

అమెరికా నుంచి ఆయన లండన్ వెళ్లారు. మిల్ హిల్‌లోని వైద్య పరిశోధన సంస్థలో టి.ఎస్. వర్క్ అనే శాస్త్రవేత్తతో పని. అక్కడ ఎంచుకున్న కణం ఎద్దు వీర్యకణం. సైటోప్లాజమ్ (కేంద్రకం చుట్టూ ఉండే జిగురు పదార్థం) దాదాపు అంతా వదిలించుకుని ఈదడానికి సిద్ధమైన ఆ కణం కొత్తగా ప్రొటీన్ చేసుకోగలదా అన్నది ప్రశ్న. ప్రొటీన్లకు ముడిసరుకైన అమైనో ఆమ్లాలను రేడియోధార్మికంగా చేసి అందిస్తే దాని ప్రొటీన్లలోకి చేరుతున్నాయని 1957లో నేచర్‌లో రాశారు. బిషప్ అనే మరో శాస్త్రవేత్త, వర్క్‌లతో కలిసి రాసిన పెద్ద పత్రం 1959లో బయోకెమికల్ జర్నల్‌లో వచ్చింది. అప్పటికే ఆయన హైదరాబాద్ తిరిగొచ్చారు.

ఇక్కడ లివర్ కణాల మీద పడ్డారు. 1962లో ఎస్.టి. జాకబ్‌తో కలిసి లివర్‌ను విడి కణాలుగా చేసే కొత్త పద్ధతి ప్రచురించారు. చదవడానికి చప్పగా ఉంటుంది. కానీ అవయవాన్ని విడదీసేటప్పుడు కణాల పొర చిరిగితే లోపలి ఎంజైములు కారిపోతాయి, ఆ తర్వాత నువ్వు కొలిచేది కణాన్ని కాదు, చిల్లు కుండని. కణం మీద పనిచేసే ఎవరికైనా ముందు కణం చెక్కుచెదరకుండా చేతికి రావాలి. ప్రదర్శనలో ఈ పోస్టర్ ముందు ఎవరూ ఆగలేదు. నాకు మాత్రం పద్దెనిమిదింటిలో ఇదే ఇష్టం.

ఎద్దును మాత్రం ఆయన వదల్లేదు. 1979లో ఇ.ఎస్.పి. రెడ్డితో కలిసి ఎద్దు వీర్యద్రవంలో బ్యాక్టీరియాను ఆపే ప్రొటీన్ ఒకటుందని నేచర్‌లో రాశారు. దానికి సెమినల్‌ప్లాస్మిన్ అని పేరు. ఇ. కోలై అనే బ్యాక్టీరియాలో, ప్రొటీన్లు తయారుచేసే రైబోజోముల తయారీకి కావలసిన ఆర్ఎన్ఏను అది అడ్డుకుంటుందని చూపించారు. అదే ఏడాది జర్మనీ శాస్త్రవేత్త షైట్‌తో కలిసి మరో పత్రం. హైదరాబాద్ ల్యాబ్‌లో దొరికిన వస్తువు మీద రెండు దేశాలవాళ్లు కలిసి కూర్చున్నారన్నమాట. తర్వాత అది 47 అమైనో ఆమ్లాల చిన్న ప్రొటీనని తేలింది. 1990లో సీసీఎంబీలోనే సీతారాం, నాగరాజ్ అందులోంచి 13 అమైనో ఆమ్లాల ముక్కను విడిగా తయారు చేసి, దానికీ బ్యాక్టీరియాను చంపే గుణం ఉందని చూపించారు. కణ పొరను దెబ్బతీయడం కూడా దాని పనితీరులో భాగమని అక్కడివారి తర్వాతి పరిశోధన చెప్పింది. వ్యవస్థాపకుడి మాట దగ్గర ఆగిపోకుండా, ఆయన కట్టిన ఇంట్లోనే ఆ మాటను ముందుకు తీసుకెళ్లారు. ప్రభావం అంటే మేం పోస్టర్ మీద రాసింది ఇదే.

ఈ పోస్టర్‌ను ఒక స్కూల్‌కు తీసుకెళ్తే 'ఎద్దు వీర్యం' అన్న మాట మీద కాగితం అంటించమన్నారు. ఆడపిల్లలు కూడా చదువుతారట. మేం అంటించలేదు, పోస్టర్ వెనక్కి తెచ్చేశాం. ఇంకో స్కూల్‌లో పల్లెల నుంచి వచ్చి హాస్టల్‌లో ఉండే పిల్లలు ఎక్కువ. వాళ్లకు పశువుల డాక్టర్ తెలుసు, సూది తెలుసు, గడ్డకట్టించిన వీర్యం గొట్టాలు తెలుసు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె, ఆ ప్రొటీన్ బ్యాక్టీరియాను చంపుతుంటే వీర్యకణాన్ని ఎందుకు చంపదు అని అడిగింది. మా ఆరుగురిలో ఎవరికీ జవాబు రాలేదు. ఏడాదంతటిలో నాకు ఎక్కువ సంతోషం ఇచ్చింది ఆ ఓటమే.

సీసీఎంబీ గురించి మీకు తెలిసిందే, క్లుప్తంగా చెప్తాను. ఆర్ఆర్ఎల్‌లోని జీవరసాయన విభాగాన్ని పునాదిగా తీసుకుని 1977లో మొదలైంది. 1990 దాకా భార్గవే డైరెక్టర్. కొత్త ప్రాంగణాన్ని 1987 నవంబర్ 26న ప్రధాని రాజీవ్ గాంధీ జాతికి అంకితం చేశారు. అదే ఏడాది జన్యుశాస్త్రవేత్త లాల్జీ సింగ్ ఎడింబరో నుంచి ఇక్కడికి వచ్చారు, మన దేశపు డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ (డీఎన్ఏను బట్టి మనిషిని గుర్తుపట్టే పద్ధతి) ఇక్కడే రూపుదిద్దుకుంది. ల్యాబ్ గోడల మీద చిత్రకారుడు ఎం.ఎఫ్. హుసేన్‌తో బొమ్మ వేయించిన డైరెక్టర్లు మన దేశంలో ఎంతమంది ఉంటారు?

ఫిబ్రవరి 23 ఆదివారం బహిరంగ సభ. వాలంటీర్లుగా పేరిచ్చినవారు పదకొండు మంది. ఉదయం ఎనిమిదికి వచ్చింది నలుగురు. ఒకరు పెళ్లి అన్నారు, ఒకరు ఫోన్ ఎత్తలేదు, ఇద్దరు మధ్యాహ్నం భోజనాల వేళకు సరిగ్గా వచ్చారు. ముఖ్య అతిథిగా ఒప్పుకున్న అధికారి కోసం యాభై నిమిషాలు ఎదురుచూశాం. ఆయన పేరు బ్యానర్ మీద వేయడానికి రెండోసారి ప్రింట్ చేయించాం, ఆ ఖర్చు మనదే. దారిలో ఉన్నామని రెండుసార్లు కబురొచ్చింది, మనిషి రాలేదు. వచ్చే ఏడు ముఖ్య అతిథి లేకుండానే సభ జరపాలని నేను తీర్మానం ప్రతిపాదిస్తున్నాను. ఆ టెన్షన్‌లో సభను నిలబెట్టింది ఆ రోజు ప్రసంగించిన రిటైర్డ్ శాస్త్రవేత్త. పారితోషికం వద్దన్నారు, ఆటో చార్జీ కూడా తీసుకోలేదు, గంటన్నర తెలుగులోనే మాట్లాడారు.

కృతజ్ఞతలు: ప్రూఫులు మూడుసార్లు మార్చినా విసుక్కోని ప్రెస్ మిత్రుడికి, హాలు సగం అద్దెకే ఇచ్చిన కాలనీ సంఘానికి, పోస్టర్లను స్కూళ్లకు తన వ్యాన్‌లో తిప్పిన సభ్యుడికి, నలభై మందికి ఉప్మా చేసి పంపిన మహిళా విభాగానికి, ఇంటి హాలు రెండు నెలలు రంగులతో నింపినా ఏమీ అనని కోశాధికారి గారి శ్రీమతికి. ఎవరి పేరైనా మరిచిపోతే మన్నించండి, టీ దగ్గర గుర్తు చేయండి.

ఖాతాలు చివరి పేజీలో ఉన్నాయి, ఆడిటర్ సంతకం అయింది. భార్గవ వారం ఖర్చు అనుకున్నదానికంటే పెరిగింది, తేడా విరాళాల నుంచి సర్దాం. చందా బకాయి ఉన్నవారి జాబితా నోటీసు బోర్డు మీద ఉంది. చదివి ఇబ్బంది పెట్టను, సందేహాలుంటే కోశాధికారి గారిని అడగండి.

రెండు మనవులు. పోస్టర్లు ఇప్పుడు నా మంచం కింద ఉన్నాయి. చెమ్మ తగలని చోటు ఎవరి ఇంట్లోనైనా ఉంటే ఈ రోజే చెప్పండి. అలాగే శిబిరం తర్వాత రెండో మైక్రోస్కోప్ ఎవరో ఇంటికి తీసుకెళ్లారు, రిజిస్టర్‌లో సంతకం లేదు. ఆ తొమ్మిదో తరగతి అమ్మాయి స్కూల్‌కు వచ్చే నెల మళ్లీ వెళ్తామని మాటిచ్చాం, ఈలోగా ఆ మైక్రోస్కోప్ ఆఫీసుకు చేర్చగలరు.

ఇట్లు,
కార్యదర్శి